వార్ధక్యంలో గాయం: చికిత్స నడచివచ్చిన దారి

వృద్ధాప్యంలో తగిలే గాయం యౌవనంలో తగిలే గాయం వంటిది కాదు. పాతికేళ్ల యువకుడు చెట్టు మీద నుంచి పడితే విరిగే ఎముక, డెబ్బై ఏళ్లు దాటిన వృద్ధురాలు తడి గచ్చు మీద కాలు జారితే చాలు విరిగిపోతుంది. యువకుడు కొన్ని వారాలలో లేచి తన పని తాను చూసుకుంటాడు. వృద్ధురాలి విషయంలో మాత్రం ఎముక అతుకుతుందా అన్న ప్రశ్న కంటే ఆమె మళ్ళీ లేచి నడుస్తుందా అన్న ప్రశ్న పెద్దది. తెలుగులో ‘మంచం పట్టడం’ అనే మాటకు జబ్బు పడటమనే అర్థంతో పాటు, ఇక లేవకపోవచ్చుననే భయం కూడా అంటిపెట్టుకొని ఉన్నది. ఆ భయానికి తరతరాల అనుభవమే ఆధారం.

వైద్యశాస్త్రం ఈ భయాన్ని ఎదుర్కొన్న తీరును పరిశీలిస్తే ఒక విశేషం కనబడుతుంది. ముసలి దేహానికి తగిలిన గాయం వేరని ప్రాచీనులు చాలా ముందుగానే గుర్తించారు. అయితే ఆ గుర్తింపు ప్రత్యేకమైన చికిత్సా విధానంగా రూపొందడానికి ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగం వరకు ఆగవలసి వచ్చింది. ఈ సుదీర్ఘ ప్రయాణంలో భారతదేశానికీ, అందులో తెలుగు నేలకూ కొంత పాత్ర ఉన్నది.

ప్రాచీన వైద్యంలో వయోభేదం

గాయాల చికిత్సను గురించి లభించిన అతి ప్రాచీన రచనలలో ఒకటి, క్రీ.పూ. 1600 ప్రాంతానికి చెందిన ఈజిప్టు పత్రం. ఎడ్విన్ స్మిత్ పపైరస్ పేరిట ప్రసిద్ధమైన ఆ పత్రంలో 48 గాయాల వివరణ ఉన్నది. ప్రతి గాయాన్నీ పరీక్షించి, ఇది నయం చేయదగినది, ఇది ప్రయత్నించి చూడదగినది, ఇది చికిత్సకు లొంగనిది అని వైద్యుడు నిర్ణయం చెప్పే పద్ధతి అందులో కనిపిస్తుంది.

భారతదేశంలో శల్యతంత్రానికి మూలగ్రంథం సుశ్రుత సంహిత. క్రీస్తు పూర్వపు శతాబ్దులలో ఆరంభమై, క్రీస్తు శకం తొలి శతాబ్దులలో ప్రస్తుత రూపాన్ని పొందిందని పండితులు భావించే ఈ గ్రంథంలో భగ్నాల నిదానానికి ఒక అధ్యాయం, చికిత్సకు మరొక అధ్యాయం కేటాయించారు. కీలు తప్పడంలో ఆరు విధాలనూ, ఎముక విరగడంలో పన్నెండు విధాలనూ సుశ్రుతుడు లెక్కించాడు. ఎముక పొడి అయినప్పుడు, మూలుగ వరకు గాయం చొచ్చినప్పుడు నయం కావడం కష్టమని చెబుతూ, ఆ వరుసలోనే కృశించినవారిని, బాలురను, వృద్ధులను, శ్వాసరోగులను కూడా చేర్చాడు. గాయం ఎంతటిది అన్నది ఒక్కటే కాక, అది ఎవరికి తగిలింది అన్నది కూడా వైద్యుడు విచారించాలన్నది ఇక్కడి ఆంతర్యం.

ఈ విచారణను ఆయన కాలగణన వరకు తీసుకువెళ్ళాడు. బాల్యంలో ఒక మాసంలో గట్టిపడే అతుకు నడివయసులో అందుకు రెట్టింపు కాలాన్నీ, చివరి వయసులో మూడింతల కాలాన్నీ కోరుతుందని సంహిత చెబుతుంది. కట్టు విప్పి మార్చే గడువు ఋతువును బట్టి నిర్ణయమైంది: చల్లని కాలంలో ఏడు రోజులకు, సమశీతోష్ణంలో అయిదు రోజులకు, వేసవిలో మూడు రోజులకు. కట్టు వదులైతే అతుకు నిలవదనీ, మరీ బిగుసుకుంటే వాపు, నొప్పి, చీము పుడతాయనీ హెచ్చరిక ఉన్నది. మర్రి, రావి, మేడి, మోదుగ, మద్ది వంటి చెట్ల పట్టలనూ వెదురునూ బద్దలుగా వాడాలని చెప్పారు. కాలు విరిగిన రోగిని చెక్క పలకల మీద పడుకోబెట్టి, కదలకుండా మేకులతో అమరిక చేసే పద్ధతి కూడా ఉన్నది. ఆహారంలో పాలు, నెయ్యి, మాంసరసం చేర్చి, ఉప్పు, పులుపు, కారాలను తగ్గించాలన్నారు. క్షీణించిన దేహానికి పోషణే సగం చికిత్స అన్న ఎరుక ఈ నియమాలలో తెలుస్తుంది.

ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాలలో శల్యం ఒకటి, జరాచికిత్స మరొకటి. అంటే గాయాల వైద్యానికీ, ముసలితనపు వైద్యానికీ విడివిడిగా స్థానం ఉన్నది. ఆ రెండు శాస్త్రాలూ ఒకే రోగి మంచం పక్కన కలిసి నిలబడవలసిన అవసరం మాత్రం ఏ దేశంలోనూ చాలా కాలం గుర్తింపునకు రాలేదు.

నల్లేరు, వెదురు బద్ద, కట్టు వైద్యం

గ్రంథస్థమైన వైద్యంతో పాటు పల్లెలలో ఎముకలు కట్టే వృత్తి తరతరాలుగా సాగింది. తెలుగు పెరళ్ళలో కంచెల వెంట పాకే నల్లేరును సంస్కృత వైద్య గ్రంథాలు అస్థిసంహారమనీ, అస్థిశృంఖలమనీ పేర్కొన్నాయి. కణుపు కణుపుగా, గొలుసులా అల్లుకొనే ఆ తీగ విరిగిన ఎముకను కూడా అలాగే కలుపుతుందన్న విశ్వాసం ప్రజలలో ఉన్నది. నల్లేరు కాడలతో పచ్చడి చేసుకొని తినడం తెలుగు ఇళ్ళలో అలవాటు. తెల్లమద్ది పట్ట, లక్క మొదలైనవి కూడా ఈ సంప్రదాయంలో ప్రసిద్ధమైన ద్రవ్యాలే.

పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుత్తూరు ప్రాంతం కట్టు వైద్యానికి పేరుపొందింది. పసరు మందు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ పట్టీలతో వేసే పుత్తూరు కట్టు కోసం తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం వస్తుంటారు. ఆసుపత్రి ఖర్చుకు వెరచేవారికి, కత్తి అంటే భయపడేవారికి ఇటువంటి వైద్యం ఆసరాగా నిలిచింది. ముంజేయి, మణికట్టు వంటి చోట్ల ఎముక పక్కకు జరగకుండా విరిగినప్పుడు కదలనీయకుండా ఉంచితే అతుకు పడుతుంది కనుక ఆ మేరకు ఈ పద్ధతికి ఫలం కనిపించింది.

కానీ వృద్ధులను ఎక్కువగా మంచాన పడేసే తుంటి విరుపు విషయంలో పట్టీకీ బద్దకూ పరిమితి ఉన్నది. అక్కడి ఎముక కండరాల లోపల, కీలు సంచిలో దాగి ఉంటుంది. బయటి నుంచి ఎంత బిగించి కట్టినా అది స్థిరపడదు. ఈ సంగతి ఐరోపా వైద్యులకు కూడా చాలాకాలం తెలియలేదు.

తుంటి ఎముక చెప్పిన పాఠం

తొడ ఎముక మెడ భాగం విరగడాన్ని పదహారో శతాబ్దిలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిస్ పారే వర్ణించాడు. దాని స్వభావాన్ని స్పష్టంగా విడమరచి చెప్పినవాడు లండన్ శస్త్రవైద్యుడు సర్ ఆస్ట్లీ కూపర్. కీళ్ళ స్థానభ్రంశాలు, విరుపులపై ఆయన రచించిన గ్రంథం 1822లో వెలువడింది. కీలు సంచి లోపల విరిగితే ఒక రకమనీ, వెలుపల విరిగితే మరొక రకమనీ ఆయన విభజించాడు. వెలుపలిది అతుకుతుంది, లోపలిది ఎముకతో ఎముకగా అతకడం అరుదు. విరిగిన శిరోభాగానికి రక్తప్రసారం సన్నగిల్లడం ఇందుకు ఒక కారణమని ఆయన గ్రహించాడు. ఈ విరుపు వయసు మళ్ళిన స్త్రీలలో హెచ్చు అనీ, అతి స్వల్పమైన కారణానికే కలుగుతుందనీ గమనించాడు.

అతకని ఎముక కోసం ముసలివారిని నెలల తరబడి పడుకోబెట్టడం ప్రాణాంతకమని కూపర్ తెలుసుకున్నాడు. కొద్ది రోజుల విశ్రాంతి తరువాత వారిని కూర్చోబెట్టి, చంకకర్రల సాయంతో నిలబెట్టడమే మేలని ఆయన సలహా ఇచ్చాడు. కాలు కుంటుపడినా మనిషి బతుకుతాడన్నది ఆయన తర్కం. తరువాతి శతాబ్దంలో వచ్చిన సాధనాలన్నీ ఆ కుంటితనాన్ని కూడా తొలగించే ప్రయత్నాలే.

పడక ఎందుకు ప్రాణం తీస్తుంది? ముసలి దేహం కదలక వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరితిత్తుల అడుగు భాగాలు సరిగా విచ్చుకోవు. కఫం నిలిచి న్యుమోనియాకు దారితీస్తుంది. కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరవచ్చు. నడుము కింద, మడమల వద్ద చర్మం నలిగి పడక పుండ్లు పుడతాయి. కండరం రోజురోజుకూ కరిగిపోతుంది. ఆకలి పోతుంది, మతి చెదురుతుంది. విరిగింది ఒక్క ఎముకే అయినా దాని వెనుక దేహమంతా కుంగిపోతుంది.

మత్తు, శుభ్రత, కిరణం

పందొమ్మిదో శతాబ్దిలో నాలుగు ఆవిష్కారాలు ఈ సమస్యకు కొత్త దారులు తెరిచాయి. 1846లో ఈథర్, 1847లో క్లోరోఫామ్ శస్త్రచికిత్సలో నొప్పిని జయించాయి. 1852లో డచ్చి సైనిక వైద్యుడు ఆంటోనియస్ మతైసెన్ పిండికట్టు పట్టీని ప్రకటించాడు. 1867లో జోసెఫ్ లిస్టర్ గాయాలు చీము పట్టకుండా క్రిమినాశక పద్ధతిని ప్రచురించాడు. 1895 నవంబరులో రంట్‌జెన్ కనుగొన్న ఎక్స్ కిరణాలు, అంతవరకు చేతి వేళ్ళతో ఊహించుకొన్న విరుపును కంటికి చూపాయి.

వీటిలో మత్తుమందు చరిత్రలో హైదరాబాదుకు స్థానమున్నది. వృద్ధులకు, గుండె బలహీనులకు మత్తు ఇవ్వడమే శస్త్రచికిత్స కంటే ప్రమాదకరంగా ఉండిన ఆ రోజులలో, క్లోరోఫామ్ మొదట శ్వాసను ఆపుతుందా, గుండెను ఆపుతుందా అన్నది పెద్ద వివాదం. హైదరాబాదు వైద్య పాఠశాల ప్రధానాచార్యుడు ఎడ్వర్డ్ లారీ ప్రోత్సాహంతో, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో 1888లోనూ, 1889లోనూ రెండు హైదరాబాదు క్లోరోఫామ్ కమిషన్లు జంతువులపై విస్తృత ప్రయోగాలు జరిపాయి. రెండవ కమిషన్‌లో పాల్గొనడానికి ఇంగ్లండు నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. శ్వాసను జాగ్రత్తగా గమనిస్తే చాలునన్నది లారీ సిద్ధాంతం. క్లోరోఫామ్ గుండెను నేరుగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించడంతో ఆ సిద్ధాంతం నిలవలేదు. అయినా మత్తులో ఉన్న రోగి శ్వాసను క్షణక్షణం కనిపెట్టి ఉండాలన్న లారీ పట్టుదల విలువైనదే. ఇక 1898లో జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బియర్ వెన్నులో మత్తు ఇచ్చి నడుము కింది భాగాన్ని మాత్రమే మొద్దుబార్చే పద్ధతిని ప్రయోగించాడు. వృద్ధుల తుంటి శస్త్రచికిత్సలకు ఆ తరువాత ఆ మార్గం ఎంతో ఉపకరించింది.

మేకు నుంచి కృత్రిమ తుంటి వరకు

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో అమెరికా వైద్యుడు రాయల్ విట్‌మన్ విరిగిన తుంటిని సరిచేసి, నడుము నుంచి పాదం వరకు పిండికట్టు వేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఎముక అతకడానికి అది తోడ్పడినా, వారాల తరబడి ఆ బరువు మోయడం ముసలివారికి దుర్భరం.

మలుపు బోస్టన్‌లో వచ్చింది. మారియస్ స్మిత్-పీటర్సన్ మూడు రెక్కలు గల లోహపు మేకును విరిగిన ఎముకలోకి దింపి, లోపలి నుంచే బిగించే విధానాన్ని 1925లో ఆరంభించి 1931లో ప్రకటించాడు. స్వీడన్‌కు చెందిన స్వెన్ యోహాన్సన్ ఆ మేకుకు నడుమ రంధ్రం చేసి, సన్నని తీగ వెంట ఎక్స్ కిరణాల సాయంతో దింపే మెరుగుదలను 1932లో చేర్చాడు. పెద్ద కోత అవసరం తగ్గింది. రోగి కొద్ది రోజులలోనే మంచం దిగే అవకాశం కలిగింది.

రక్తప్రసారం లేక ఎముక శిరస్సు ఎండిపోయే సందర్భాలలో మేకు కూడా ఫలించదు. అప్పుడు ఆ భాగాన్నే తొలగించి లోహపు భాగాన్ని అమర్చాలన్న ఆలోచన పుట్టింది. 1940లో ఆస్టిన్ మూర్, హెరాల్డ్ బోల్‌మన్ కలిసి లోహపు తొడ ఎముక పైభాగాన్ని ఒక రోగికి అమర్చారు. 1950ల దశకంలో మూర్, థాంప్సన్ పేర్లతో వచ్చిన కృత్రిమ భాగాలు ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చాయి. భారతదేశపు ఆసుపత్రులలోనూ వృద్ధుల తుంటి విరుపులకు చిరకాలం ఉపయోగపడ్డాయి. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ కీలు రెండు భాగాలనూ మార్చే సంపూర్ణ తుంటి మార్పిడిని సుస్థిరం చేశాడు.

ఇదే కాలంలో ఎముక ఎందుకు పెళుసవుతుందన్న ప్రశ్నకు కూడా సమాధానం దొరకసాగింది. ముట్లుడిగిన తరువాత స్త్రీలలో ఎముక బోలుగా మారడానికి ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గడం కారణమని ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1940 ప్రాంతంలో సూచించాడు. ఎముక సాంద్రతను కొలిచి బోలు ఎముకల వ్యాధిని నిర్ధారించే ప్రమాణాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ప్రకటించింది. దానితో విరిగిన తరువాత కట్టడమే కాక, విరగక ముందే కాపాడటం కూడా వైద్యుని బాధ్యత అయింది.

రెండు శాస్త్రాల కలయిక

శస్త్రవైద్యం ఇంత సాధించినా వృద్ధుల కష్టం పూర్తిగా తీరలేదు. మేకు చక్కగా కూర్చున్నా మనిషి లేవడు. గుండె, మూత్రపిండాలు, మధుమేహం, మతిమరుపు, ఒంటరితనం ఒక్కొక్కటీ అడ్డుపడతాయి. ఎముక వైద్యునికి వాటితో పరిచయం తక్కువ.

ఇంగ్లండులో మార్జరీ వారెన్ 1930ల దశకం నుంచి, నయం కారని వదిలివేసిన వృద్ధ రోగులను ఒక్కొక్కరిగా పరీక్షించి, మంచం దింపి, నడిపించి, చాలామందిని ఇళ్ళకు పంపగలిగింది. ఆధునిక వృద్ధాప్య వైద్యానికి ఆమె కృషి పునాది. ఆ మార్గంలోనే సస్సెక్స్ తీరాన ఉన్న హేస్టింగ్స్ పట్టణంలో, 1950ల చివరి నుంచి ఎముకల శస్త్రవైద్యుడు మైఖేల్ డెవాస్, వృద్ధాప్య వైద్యుడు రాబర్ట్ ఇర్విన్ కలిసి పనిచేయసాగారు. శస్త్రచికిత్స ఒకరిది, దేహస్థితి సంరక్షణ మరొకరిది, రోగి మాత్రం ఇద్దరివాడు. శస్త్రచికిత్స జరిగిన వెంటనే కాలి మీద బరువు మోపించి నడిపించడం వారి సూత్రం. ఆయుర్వేదం వేర్వేరు అంగాలుగా లెక్కించిన శల్యమూ, జరాచికిత్సా ఇక్కడ ఒకే వార్డులో కలుసుకున్నాయి.

2007లో బ్రిటన్‌లో తుంటి విరుపుల జాతీయ నమోదు ప్రారంభమైంది. 36 గంటలలో శస్త్రచికిత్స, వృద్ధాప్య వైద్యుని పరీక్ష మొదలైన ప్రమాణాలను పాటించిన ఆసుపత్రులకు 2010 నుంచి ప్రత్యేక చెల్లింపు ఏర్పాటు చేశారు. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో జరిగి 2015లో వెలువడిన పరిశోధన, ఎముకల వార్డులో కంటే వృద్ధాప్య వైద్య విభాగంలో సమగ్ర సంరక్షణ పొందిన తుంటి రోగులు నాలుగు నెలల తరువాత మెరుగ్గా నడవగలిగారని నిరూపించింది.

కనబడని గాయాలు

వృద్ధుల గాయాలన్నీ తుంటికే పరిమితం కావు. వయసుతో మెదడు కొంత కుంచించుకుపోయినప్పుడు, దానికీ పుర్రెకూ నడుమ ఉన్న సన్నని సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే అవి తెగి, రక్తం మెల్లగా చేరుతుంది. రెండు మూడు వారాలకు వృద్ధుడు మాట తడబడినా, నడక తూలినా, ఇంటివారు దాన్ని వయసు తెచ్చిన చాదస్తమని సరిపెట్టుకుంటారు. పడిన సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు. 1971లో ఇంగ్లండులో తొలి రోగికి ఉపయోగించిన సీటీ స్కాన్ ఈ రక్తపు చేరికను స్పష్టంగా చూపసాగింది. పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ రక్తాన్ని తీసివేస్తే చాదస్తమనుకొన్నది తొలగిపోయే సందర్భాలెన్నో ఉన్నాయి. రక్తం పలచబడే మందులు వాడేవారిలో ఈ ప్రమాదం మరింత హెచ్చు.

పక్కటెముకలదీ అదే కథ. 2000లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం 65 ఏళ్లు పైబడినవారిలో విరిగిన పక్కటెముకల సంఖ్య పెరిగినకొద్దీ న్యుమోనియా, మరణాల ముప్పు పెరుగుతూ పోయింది. నొప్పికి భయపడి లోతుగా ఊపిరి తీయకపోవడం, దగ్గకపోవడం ఇందుకు మూలం. అందువల్ల నొప్పిని తగ్గించడమే ఇక్కడ ప్రాణరక్షణ.

1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో విమాన ప్రమాదానికి గురైన శస్త్రవైద్యుడు జేమ్స్ స్టైనర్ అనుభవం నుంచి పుట్టిన అత్యవసర గాయచికిత్స శిక్షణ, శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసారం అనే వరుసను ప్రపంచానికి నేర్పింది. అయితే యువకుల కొలతలు వృద్ధులకు సరిపోవు. రక్తపోటు ఎప్పుడూ హెచ్చుగా ఉండే వృద్ధునికి, మామూలు అనిపించే అంకె కూడా రక్తస్రావానికి గుర్తు కావచ్చు. గుండె వేగాన్ని తగ్గించే మందులు వాడేవారిలో నాడి పరుగెత్తదు. అందువల్లనే 65 ఏళ్లు దాటినవారిలో పై రక్తపోటు 110 కంటే తక్కువైతే ప్రమాద సూచనగా భావించాలని 2011లో అమెరికా మార్గదర్శకాలు పేర్కొన్నాయి. ఇంగ్లండు, వేల్స్‌ల గాయాల నమోదు ఆధారంగా 2017లో వెలువడిన నివేదిక, వృద్ధుల తీవ్ర గాయాలకు ప్రధాన కారణం రోడ్డు ప్రమాదం కాదనీ, రెండు మీటర్ల లోపు ఎత్తు నుంచి పడటమనీ తేల్చింది. అంటే మంచం, మెట్టు, గడప వంటి చోట్లే తీవ్రమైన గాయం తగులుతున్నది.

భారతదేశంలో

మద్రాసు, కలకత్తా వైద్య కళాశాలలు 1835లో, హైదరాబాదు వైద్య పాఠశాల 1846లో ఆరంభమైనా, ఎముకల వైద్యం దేశంలో ప్రత్యేక శాఖగా స్థిరపడింది ప్రధానంగా స్వాతంత్ర్యానంతరమే. భారత ఎముకల వైద్యుల సంఘం 1955లో ఏర్పడింది. హైదరాబాదులో నిజాం ధర్మనిధి తోడ్పాటుతో 1960ల దశకంలో నెలకొన్న ఎముకల ఆసుపత్రి, 1980ల దశకంలో నిజాం వైద్య విజ్ఞాన సంస్థగా విస్తరించింది. వృద్ధాప్య వైద్యానికి మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో 1978లో డాక్టర్ వి. ఎస్. నటరాజన్ చేతుల మీదుగా అంకురార్పణ జరిగింది.

గాయపడినవారిని వేళకు చేర్చడంలో హైదరాబాదు నుంచి 2005 ఆగస్టు 15న ఆరంభమైన 108 అంబులెన్సు సేవ దేశానికి దారి చూపింది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రభుత్వ ఆసుపత్రులలో వృద్ధులకు పడకలు, ప్రత్యేక వరుసలు కల్పించాలని నిర్దేశించింది. 2010-11లో వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం మొదలైంది. 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్ పథకాన్ని, ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు, ఆపైబడినవారికి కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వర్తింపజేశారు. 2011 జనగణన నాటికే 60 ఏళ్లు దాటినవారు దేశంలో సుమారు 10.4 కోట్లు ఉన్నారన్న సంగతి ఈ ఏర్పాట్ల అవసరాన్ని తెలుపుతుంది.

అయినా చట్టమూ, పథకమూ ఇంటి గడప దాటి లోపలికి రావలసి ఉన్నది. తుంటి విరిగిన వృద్ధురాలి విషయంలో, ఈ వయసులో కోత ఎందుకన్న మాట జాలితో వచ్చేదే. కానీ ఆ జాలి ఆమెను మంచానికి అప్పగిస్తుంది. డబ్బు సర్దుబాటు కోసం, దూరాన ఉన్న కొడుకు రాక కోసం, మంచి రోజు కోసం ఆగిన ప్రతి రోజూ పడక తన పని తాను చేసుకుపోతుంది. వయసు ఒక్కటే శస్త్రచికిత్సకు అడ్డంకి కాదని నేటి వైద్యం నిశ్చయంగా చెబుతున్నది. ఎందరో వృద్ధులకు ఆలస్యమే అసలు ప్రమాదం.

వృద్ధులకు అతుకు పడటానికి మూడింతల కాలం కావాలన్న సుశ్రుతుని లెక్క ఎముకకు సంబంధించినది. లేవడానికి వృద్ధునికి అంత వ్యవధి లేదన్నది కూపర్ నుంచి డెవాస్ వరకు సాగిన అనుభవసారం. ఈ రెండు సత్యాలనూ కలిపి పాటించడమే నేటి వృద్ధుల గాయచికిత్స. ఎముక తన కాలాన్ని తాను తీసుకుంటుంది. ఈలోగా మనిషిని నిలబెట్టాలి. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ, రాత్రివేళ ఒక దీపం, తడి లేని గచ్చు, ఏటా ఒకసారి కళ్ళ పరీక్ష – శస్త్రవైద్యుని అవసరమే రాకుండా చేసే ఈ చికిత్స మాత్రం ఇంటివారి చేతులలోనే ఉన్నది.